నల్లజాతి పురుషుడిని రెండు వేషాలకు కుదించకండి: పత్రికా సంపాదకులకు బహిరంగ లేఖ

దక్షిణాఫ్రికాలోని జనరంజక పత్రికల సంపాదకులకు, ఫోటో విభాగాల, ప్రకటనల విభాగాల బాధ్యులకు. అక్కడి ఫోటోలనూ కథనాలనూ తెచ్చి ఆదివారం అనుబంధాల్లో, వారపత్రికల్లో అచ్చువేసే తెలుగు సంపాదకులకు,

నమస్కారం.

నేను తెలుగువాణ్ణి. క్వాజులు-నటాల్ ప్రావిన్స్‌లో, డర్బన్ నగరం అంచున ఉన్న ఒక టౌన్‌షిప్ (నల్లజాతివారు నివసించే శివారు బస్తీ) బడిలో లెక్కలు చెబుతున్నాను. ఇక్కడి ఒక జనరంజక పత్రిక సెప్టెంబరు 24న వచ్చే వారసత్వ దినం కోసం వెలువరించిన ప్రత్యేక సంచికలో నల్లజాతి పురుషులను చూపిన తీరు గురించి ఆ పత్రిక సంపాదకవర్గానికి వివరంగా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. అదే సంచికలోని ఫోటోలు కొన్ని, మనుషుల పేర్లూ ఊళ్లూ లేకుండా, వింత ఆచారాల శీర్షిక కింద ఒక తెలుగు వారపత్రికలో కనిపించినప్పుడు వారికీ రాశాను. అక్కడి నుంచీ జవాబు లేదు. విడివిడిగా రాసిన ఉత్తరాలను ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి, విషయం ఒకటి రెండు పత్రికలకే పరిమితమైనది కాదు కాబట్టి, ఇప్పుడు అందరినీ ఉద్దేశించి బహిరంగంగా రాస్తున్నాను. ఇక్కడి సంపాదకులకు ఇంగ్లీషు ప్రతిని విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. ఆఫ్రికా మగవాడంటే ఎవరన్న అభిప్రాయం మన ఇళ్లలో చాలావరకు ఈ ఫోటోల నుంచే ఏర్పడుతోంది.

వర్ణవివక్ష పాలనలో ప్రాణాలకు తెగించి రాసిన పాత్రికేయుల వారసత్వం ఇక్కడి పత్రికలది. దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే విషయానికి వస్తాను.

నా ఫిర్యాదు ఇది. మీ పేజీల్లో నల్లజాతి పురుషుడికి రెండే వేషాలు మిగిలాయి. ఒకటి, చర్మాలూ పూసల దండలూ ధరించి, చేత కర్ర పట్టుకుని, కొండ వాలులో పశువుల మధ్య నిలబడిన మనిషి. రెండోది, కుట్టించిన సూటు వేసుకుని, ఖరీదైన కారుకు ఆనుకుని, చేతి గడియారం కనబడేలా నిలబడిన మనిషి. మొదటి మనిషికి ఉద్యోగం ఉండదు, చాలాసార్లు పేరు కూడా ఉండదు. రెండో మనిషికి ఊరు ఉండదు, తాతముత్తాతలు ఉండరు. మొదటి ఫోటో పక్కన సంప్రదాయం గురించి, రెండో ఫోటో పక్కన ఆధునికత గురించి వ్యాసాలు వస్తాయి. ఒకే మనిషి ఈ రెండు చోట్లా ఉండగలడన్న ఆలోచన మాత్రం ఎక్కడా కనిపించదు.

మా బడికి వచ్చే తండ్రుల్లో, మేనమామల్లో ఈ రెండు ఫోటోలకు సరిపోయేవారు ఒక్కరూ లేరు. శనివారం పూట మేనకోడలి లోబోలా మాటల్లో, అంటే మన పల్లెల్లో ఓలి మాట్లాడుకున్నట్టే ఆవుల లెక్క మాట్లాడుకునే కూటమిలో, పెద్దరికం వహించిన మనిషే సోమవారం కార్ల కర్మాగారంలో షిఫ్టుకు వెళతాడు. బ్యాంకులో పనిచేసే తండ్రి పెద్దల పేరున మేకను కోస్తాడు, ఆ మేక డబ్బును ఫోనులోనే చెల్లిస్తాడు. 1910 ప్రాంతంలో ఐజయా షెంబే స్థాపించిన నజరెత్ బాప్టిస్టు సంఘంలోని పురుషులు నేటికీ చిరుతపులి చర్మం ధరించి ఆరాధన నృత్యం చేస్తారు. చిరుతల సంఖ్య తగ్గిపోతోందని తెలిసిన తరువాత వారిలో చాలామంది, వన్యప్రాణి సంరక్షకులతో కలిసి తయారు చేయించిన కృత్రిమ చర్మాలకు మారారు. ఇంత విలువైన మార్పు, ఆ మనుషులే ఆలోచించి ఒప్పుకున్న మార్పు, మీ ముఖచిత్రం మీదికి ఎందుకు రాలేదు? అసలు చిరుత చర్మం, చెమట పట్టిన కండలు ఉన్న ఫోటోయే ప్రతిసారీ ఎందుకు వస్తోంది?

ఇక్కడి బడుల్లో జీవన నైపుణ్యాలు నేర్పే లైఫ్ ఓరియెంటేషన్ అనే పాఠ్యాంశం ఉంది. మా సహోపాధ్యాయురాలు ఒకసారి పిల్లల చేత పాత పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరింపించి, మగవాడంటే ఎవరో చెప్పే అట్టలు తయారు చేయించారు. గోడ నిండా యోధులు, ధనవంతులు నిండిపోయారు. పిల్లవాడికి అన్నం తినిపిస్తున్న మగవాడి బొమ్మ ఒకటి కావాలని ఒక అమ్మాయి ఎంతసేపు వెదికినా ఆ పత్రికల కట్టలో దొరకలేదు.

ఈ విభజన ఎక్కడిదో దక్షిణాఫ్రికా సంపాదకులకు నాకంటే బాగా తెలుసు. అయినా తెలుగు పాఠకుల కోసం కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

1951 మార్చిలో కేప్‌టౌన్ నుంచి ‘ఆఫ్రికన్ డ్రమ్’ అనే మాసపత్రిక మొదలైంది. తొలి సంచికల్లో తెగల చరిత్ర, తెగల సంగీతం, వ్యవసాయం వంటి విషయాలు నిండి ఉండేవి. నగరాల్లోని నల్లజాతి పాఠకులు వాటిని ఆదరించలేదు. తమకు జాజ్ సంగీతం, సినిమా తారలు, బాక్సింగ్, తమ వీధుల వార్తలు కావాలని ముఖం మీదే చెప్పారు. పత్రిక ఆ ఏడాదే జొహానెస్‌బర్గ్‌కు తరలి, ‘డ్రమ్’ పేరుతో రూపం మార్చుకుని, దేశమంతా చదివే పత్రిక అయింది. ఈ కథను సాధారణంగా సంప్రదాయం మీద ఆధునికత సాధించిన విజయంగా చెబుతారు. అది సగం చదువు మాత్రమేనని నా అభిప్రాయం. అదే 1951లో ప్రభుత్వం బంటు అథారిటీస్ చట్టం తెచ్చింది. తెగ పెద్దలను సర్కారు అదుపులోకి తీసుకుని, నల్లజాతి మనిషి అసలు చోటు అతని తెగ ప్రాంతమే తప్ప నగరం కాదని స్థిరపరచడం దాని ఉద్దేశం. 1913 నాటి భూమి చట్టం దేశం మొత్తంలో దాదాపు 7 శాతం నేలను మాత్రమే నల్లజాతివారికి వదిలింది. 1936లో దానిని 13 శాతం దాకా పెంచుతామన్నారు. ఆ కాస్త నేలలోకి జనాన్ని తిరిగి తోలడానికి ప్రభుత్వం వాడిన మాటే ‘సంప్రదాయం’. అందువల్ల, తెగ పెద్దల కథలు తమకు వద్దన్న జొహానెస్‌బర్గ్ పాఠకుడు తన తాతను కాదనలేదు. తనను నగరం నుంచి వెళ్లగొట్టబోతున్న చట్టాన్ని కాదన్నాడు. 1955 ఫిబ్రవరిలో పోలీసులు లారీలతో వచ్చి, జొహానెస్‌బర్గ్‌లో నల్లజాతివారు ఉండే సోఫియాటౌన్ పేట నివాసులను ఊరి బయటి మెడోలాండ్స్‌కు తరలించడం మొదలుపెట్టినప్పుడు ఆ పాఠకుడి భయం నిజమేనని తేలింది.

1956లో జులూ, ఖోసా, సోతో భాషల్లో ‘బోనా’ మొదలైంది. దాని వెనుక ఉన్నది అధికార నేషనల్ పార్టీకి సన్నిహితమైన అఫ్రికాన్స్ ప్రచురణ సంస్థ. మాతృభాషలో చదువుకోవాలన్న సహజమైన కోరిక కూడా ఆ పరిస్థితుల్లో అనుమానించదగినది అయిపోయింది. ఇంగ్లీషులో ఉన్నది నగరానికీ స్వేచ్ఛకూ చెందినదని, ఇంటి భాషలో ఉన్నది పల్లెకూ సర్కారుకూ చెందినదని ఏర్పడిన చీలిక నేటికీ పూర్తిగా పూడలేదని నాకు అనిపిస్తుంది.

‘డ్రమ్’ను నేను తక్కువ చేయడం లేదు. దాని విలేకరి హెన్రీ న్జుమాలో 1952లో బేతల్ ప్రాంతపు పొలాల్లోని వెట్టిచాకిరీని బయటపెట్టారు. 1954లో తానే కావాలని అరెస్టయి, జొహానెస్‌బర్గ్ జైలు లోపలి క్రూరత్వాన్ని రాశారు. ఖైదీల చేత బట్టలు విప్పించి, గెంతించి సోదా చేసే దృశ్యాన్ని పక్క భవనం మీది నుంచి ‘డ్రమ్’ ఫోటోగ్రాఫర్ బాబ్ గోసాని ఫోటో తీశారు. సూటు వేసుకున్న గుమాస్తానైనా, దుప్పటి కప్పుకున్న గని కార్మికుడినైనా ఆ రాజ్యం ఒకే విధంగా నగ్నంగా నిలబెట్టిందని ఆ ఒక్క ఫోటో చెబుతుంది. మీ రెండు వేషాలూ అబద్ధమని రుజువు చేసే ఫోటో మీ భాండాగారంలోనే ఉంది. న్జుమాలో కొన్నేళ్లకే హత్యకు గురయ్యారు. అయితే అదే పత్రిక, పిడికిలి, మద్యం, టోపీ వాలుగా పెట్టుకున్న రౌడీ, ఈత దుస్తుల్లో ఉన్న ముఖచిత్ర సుందరి, ఇవన్నీ కలిసిందే నగర పురుషత్వం అన్న నమూనానూ తయారు చేసింది. గాయని డాలీ రాతెబే పేరు మీద నడిచిన ‘డియర్ డాలీ’ సలహాల శీర్షికను నిజానికి ఆఫీసులోని మగవారే రాసేవారు. స్త్రీ పేరుతో స్త్రీలకు మగవారే బుద్ధులు చెప్పిన ఆ అలవాటు గురించి కూడా మీరు ఎన్నడో మాట్లాడవలసింది.

ఒక్క మనిషి ఉదాహరణతో ఈ భాగం ముగిస్తాను. 1952లో నెల్సన్ మండేలా ఆలివర్ టాంబోతో కలిసి జొహానెస్‌బర్గ్‌లో న్యాయవాద కార్యాలయం తెరిచారు. 1957లో ఒక భవనం పైకప్పు మీద ఆయన బాక్సింగ్ సాధన చేస్తుండగా గోసాని తీసిన ఫోటో లోకమంతటికీ తెలుసు. 1962 అక్టోబరులో ప్రిటోరియా కోర్టులోకి అదే మనిషి చిరుతపులి చర్మపు పైవస్త్రంతో నడిచి వచ్చారు. తెల్లవారి న్యాయస్థానంలోకి ఒక ఆఫ్రికా మనిషి నడిచి వస్తున్నాడని చూపడానికే అలా చేశానని తరువాత చెప్పుకున్నారు. ఆ రోజు ఆ చర్మం పాతకాలపు గుర్తు కాదు, ఆ కాలపు రాజకీయాలలో అన్నిటికన్నా పదునైన మాట. పదహారేళ్ల వయసులో ఖోసా ఆచారం ప్రకారం సున్తీ చేయించుకుని, పెద్దయ్యాక చట్టం చదివి, బరిలోకి దిగి, మళ్లీ ఆ చర్మాన్ని కప్పుకున్న ఆ జీవితాన్ని ఏ వేషంలో ఇముడుస్తారు? ఆయన గొప్పవారు కాబట్టి మీరు ఇముడ్చుకున్నారు. మా బడి గేటు దగ్గర నిలబడే తండ్రికి ఆ అవకాశం ఎప్పుడు ఇస్తారు?

ఇది ఒక్క దక్షిణాఫ్రికా పత్రికల పొరపాటే కాదు. 1994 జూన్‌లో ‘టైమ్’ తన ముఖచిత్రం మీద హత్య కేసులో అరెస్టయిన అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ ముఖాన్ని మరింత నల్లగా చేసి అచ్చువేసింది. 2008 ఏప్రిల్‌లో అమెరికా ఫ్యాషన్ పత్రిక ‘వోగ్’ ముఖచిత్రం మీదికి వచ్చిన తొలి నల్లజాతి పురుషుడు బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్. ఆ ఫోటోలో ఆయన నోరు తెరిచి గర్జిస్తూ, ఒక చేత తెల్లజాతి యువతిని పట్టుకుని కనిపించారు. పాత గొరిల్లా బొమ్మలను గుర్తుచేస్తోందని ఎందరో బాధపడ్డారు. దీనికి భిన్నమైన దారి కూడా ఉంది. 2018 ఏప్రిల్‌లో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ సంపాదకురాలు సుసాన్ గోల్డ్‌బర్గ్, చరిత్రకారుడు జాన్ ఎడ్విన్ మేసన్ చేత తమ పాత సంచికలను పరిశీలింపజేసి, దశాబ్దాల పాటు తమ రాతల్లో జాతివివక్ష ఉందని పత్రికాముఖంగా ఒప్పుకున్నారు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని చంపిన రెండేళ్లకు, 1962లో, దక్షిణాఫ్రికా మీద వేసిన తమ కథనంలో నల్లజాతివారి గొంతే లేదని, వారు నృత్యాలు చేసేవారుగానో పనివారుగానో మాత్రమే కనిపించారని ఆ పరిశీలనలో తేలింది. తప్పు ఒప్పుకున్నందువల్ల ఆ పత్రిక పరువు తగ్గలేదు.

ఈ చిత్రణ వల్ల సామాన్యులకు జరుగుతున్నదేమిటో ఇప్పుడు వరుసగా చెబుతాను.

1. మగపిల్లల ప్రాణాలు. ఖోసావారి ఉల్వాలుకో, అంటే కుర్రవాడిని పురుషుడిగా మార్చే సున్తీ దీక్ష, సరిగా జరిగినప్పుడు ఎంతో మర్యాద, ఎంతో బోధన ఉన్న ఆచారం. కానీ తూర్పు కేప్ ప్రావిన్స్‌లో నమోదు కాని దొంగ దీక్షా శిబిరాల్లో చీము పట్టి, నీళ్లు ఇవ్వకపోవడం వల్ల, దెబ్బల వల్ల ఏటా యువకులు చనిపోతున్నారు. ఇంకొందరు జీవితాంతం అంగవైకల్యంతో మిగులుతున్నారు. పత్రికలు ఈ విషయాన్ని రెండే విధాలుగా రాస్తాయి. ఒకటి, తెల్లమట్టి పూసుకున్న కుర్రవాళ్ల అందమైన ఫోటోలతో సంస్కృతి మహిమ. రెండోది, మరణాలు జరిగిన వారం, ఆటవికమన్న అర్థం వచ్చే శీర్షిక. నడుమ ఉన్న అసలు సంగతి తల్లిదండ్రులకు చేరదు. 2021లో వచ్చిన ఆచార దీక్షల చట్టం ప్రకారం శిబిరం నమోదై ఉండాలి, పదహారేళ్లు నిండనివారిని చేర్చుకోకూడదు, పద్దెనిమిది నిండనివారికి పెద్దల అనుమతి ఉండాలి. ఈ మూడు మాటలూ జూన్, డిసెంబరు దీక్షాకాలాలకు ముందు పత్రికలో కనబడితే బతికే పిల్లలు ఉంటారు. మరో పక్క, సున్తీ వల్ల మగవారికి స్త్రీల ద్వారా హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం సుమారు 60 శాతం తగ్గుతుందని 2005లో జొహానెస్‌బర్గ్ దగ్గరి ఆరెంజ్ ఫార్మ్‌లో జరిగిన వైద్య పరిశోధన చూపింది. ఆ తరువాత జులూ రాజు గుడ్‌విల్ జ్వెలితీని, తమవారిలో ఏనాడో ఆగిపోయిన ఆచారాన్ని ఆసుపత్రుల సాయంతో తిరిగి ప్రోత్సహించారు. రాజూ వైద్యుడూ కలిసి చేసిన పని ఇది. మీ రెండు గదుల్లో దేనిలోనూ పట్టదు కాబట్టి దానికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

2. తండ్రులు. ఈ దేశంలో సగానికి పైగా పిల్లలు కన్నతండ్రితో ఒకే ఇంట్లో లేరు. కనబడని తండ్రి గురించి మీరు వేసే ముఖచిత్ర కథనాల్లో అది అతని స్వభావ లోపమనో, సంస్కృతి లోపమనో చదువుతుంటాను. గనులకు మగవాడు కావాలి, అతని భార్యాబిడ్డలు అక్కర్లేదన్నది ఒకప్పటి ఇక్కడి చట్టం. నల్లజాతివారు నగరంలో ఉండాలంటే అనుమతి పత్రం చూపాలనే పాస్ చట్టాలు 1986 దాకా అమలులో ఉన్నాయి. మగవారు ఏడాదిలో పదకొండు నెలలు కార్మికుల హాస్టళ్లలో గడిపి, క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి వెళ్లేవారు. మూడు నాలుగు తరాలు అలా గడిచిన కుటుంబంలో తండ్రి ఇంట్లో ఉండటం ఎవరు నేర్పాలి? తెలుగు సంపాదకులకు ఇది అర్థం కాని విషయం కాదు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ఇళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన తండ్రుల గురించి మీరు రాసేటప్పుడు అప్పు గురించి, ఏజెంటు గురించి, వీసా గురించి రాస్తారు. వాళ్ల మగతనం గురించి తీర్పు చెప్పరు. అదే న్యాయం ఇక్కడి తండ్రికీ చేయండి. కన్నతండ్రి లేని చోట మేనమామ, తాత, పెద్దన్న ఆ బాధ్యత మోస్తున్న ఇళ్లు మా బడి చుట్టూ ఎన్నో ఉన్నాయి. వారి ఫోటో ఒక్కటైనా వేయండి.

3. శ్రామికుడి శరీరం. నల్లజాతి పురుషుడి కండలను మీ పత్రికలు ఎంతో ఇష్టంగా అచ్చువేస్తాయి. ఆ శరీరం పనిలో ఏమవుతుందో వేయవు. బంగారు గనుల్లో సిలికా దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన కార్మికులు ఏళ్ల తరబడి పోరాడిన తరువాత, 2019లో సుమారు 500 కోట్ల రాండ్ల (రాండ్ ఇక్కడి కరెన్సీ) పరిహార ఒప్పందాన్ని కోర్టు ఆమోదించింది. వారిలో చాలామంది తూర్పు కేప్, లెసోతో పల్లెల్లో దగ్గుతూ బతుకుతున్న ముసలివారు. 2012 ఆగస్టు 16న మరికానా ప్లాటినం గని దగ్గర పోలీసులు 34 మంది కార్మికులను కాల్చి చంపారు. వారు అడిగింది నెలకు 12,500 రాండ్ల జీతం. ఆ వారాల్లో వచ్చిన ఎన్నో రాతల్లో మాత్రం వారి చేతుల్లోని బల్లేలు, భుజాల మీది దుప్పట్లు, తూటా తగలదని పూయించుకున్నారన్న మంత్రపు మందు ముందుకు వచ్చాయి. కథనాలను పరిశీలించిన ఆచార్యురాలు జేన్ డంకన్, వాటిలో కార్మికుల మాటలు అతి స్వల్పంగానే ఉన్నాయని తేల్చారు. జీతం అడిగిన మనిషిని తెగ మనిషిగా చూపితే అతని చావు కూడా తెగ గొడవలా కనబడుతుంది. దినపత్రికలది ఎక్కువ బాధ్యతే కావచ్చు. కానీ ఆ దుప్పటి, ఆ బల్లెం పాఠకుడికి ముందే పరిచయమైనవి, పరిచయం చేసింది మీ ముఖచిత్రాలే.

4. స్త్రీలు. సంస్కృతి మారనిదని పత్రిక చూపిన ప్రతిసారీ, దానిని సాకుగా వాడుకునే మగవాడికి బలం వస్తుంది. ఆధునికత అంటే కారు, విస్కీ, చుట్టూ అమ్మాయిలు అని చూపిన ప్రతిసారీ ఇంకొకడికి బలం వస్తుంది. నష్టపోయేది రెండు చోట్లా స్త్రీయే. 1998లో చేసిన ఆచార వివాహాల గుర్తింపు చట్టం లోబోలాను కాదనకుండానే, ఆచార వివాహంలో భార్యకు భర్తతో సమాన హోదా ఇచ్చింది. చట్టం చేయగలిగిన ఈ పని పత్రిక ఎందుకు చేయలేకపోతోంది?

5. స్వలింగ సంపర్కులైన పురుషులు. ఇది ఆఫ్రికా సంప్రదాయం కాదని చెప్పే పాఠకుల లేఖలను ప్రత్యుత్తరం లేకుండా అచ్చువేస్తున్నారు. వర్ణవివక్ష ప్రభుత్వం ఉద్యమకారుల మీద పెట్టిన డెల్మాస్ రాజద్రోహం కేసులో జైలులో ఉండి, తాను స్వలింగ సంపర్కుడినని తోటి నిందితులకు చెప్పి, 1990లో జొహానెస్‌బర్గ్‌లో స్వలింగ సంపర్కుల హక్కుల కోసం తొలి ప్రైడ్ ఊరేగింపు నడిపిన సైమన్ న్‌కోలి ఈ నేల మనిషే. 1996 రాజ్యాంగం ఇలాంటివారి పట్ల వివక్షను నిషేధించింది. ఈ పిల్లలు మా తరగతుల్లో ఉన్నారు, దెబ్బలు తింటున్నారు.

6. చర్మపు రంగు. దశాబ్దాల పాటు ‘డ్రమ్’, ‘బోనా’ పేజీల్లో చర్మాన్ని తెల్లబరుస్తామనే క్రీముల ప్రకటనలు వచ్చాయి. వాటిలోని హైడ్రోక్వినోన్ అనే రసాయనం వల్ల ముఖాలు శాశ్వతంగా మచ్చపడిన తరువాత, వైద్యులూ ఉద్యమకారులూ పట్టుబట్టగా 1990 ప్రాంతంలో ఈ దేశం ఆ క్రీములను నిషేధించింది. దొంగచాటుగా అవి నేటికీ దొరుకుతున్నాయి. మన దేశంలో 2005 నుంచి మగవారి కోసమే ప్రత్యేకంగా ఇలాంటి క్రీములు అమ్ముతున్నారు. వాటి ప్రకటనలు తెలుగు పత్రికల్లోనూ వచ్చాయి.

7. మన ఊళ్లలోని ఆఫ్రికావారు. హైదరాబాద్‌లోని ఏ.సి. గార్డ్స్ అన్న పేట పేరే నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం నుంచి వచ్చింది. ఆ సిద్దీల వంశీకులు నేటికీ అక్కడ ఉన్నారు, వారి మర్ఫా వాద్యం లేని పాతబస్తీ పెళ్లి తక్కువ. టోలీచౌకి వైపు ఎన్నో ఆఫ్రికా దేశాల విద్యార్థులు అద్దెకుంటారు. మన ఆదివారం అనుబంధాల్లో వీరి ఖండపు మగవాడు వింత ఆచారాల పేజీలోనో, పరుగు పందెంలోనో, మత్తుమందుల ముఠా వార్తలోనో తప్ప కనబడడు. దాని ఫలితం ఊహ కాదు. 2016 మేలో ఢిల్లీలో కాంగో యువకుడొకరిని కొట్టి చంపారు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో, మనిషి మాంసం తింటారన్న పుకారు పుట్టించి మరీ ఆఫ్రికా విద్యార్థుల మీద గుంపులుగా పడి కొట్టారు. అలాంటి పుకారు నమ్మే జనం ఒక్క రోజులో తయారు కారు. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడలో నటాల్‌కు వచ్చిన తొలి కూలీల కాలం నుంచి తెలుగువారు ఇక్కడ నల్లజాతివారి పొరుగున బతుకుతున్నారు. 1949 జనవరిలో డర్బన్‌లో భారతీయులకూ నల్లజాతివారికీ మధ్య చెలరేగిన హింసలో 142 మంది చనిపోయారు. ఒకరి గురించి ఒకరికి తప్పుడు బొమ్మలు మాత్రమే తెలిసి ఉండటం ఎంత ప్రమాదమో ఆ నగరంలో బతికే నాకు తెలుసు.

అందువల్ల ఈ కింది కోరికలను మీ ముందు ఉంచుతున్నాను. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

దక్షిణాఫ్రికా పత్రికలను కోరుతున్నవి:

1. మీ పాత సంచికలను బయటి చరిత్రకారుల చేత, అందులో స్త్రీలూ ఆఫ్రికా భాషల్లో చదివి రాయగలవారూ ఉండేలా, పరిశీలింపజేసి, ఆ నివేదికను మీ పత్రికలోనే ప్రచురించండి. ప్రకటనలను కూడా ఆ పరిశీలనలో చేర్చండి.

2. సంప్రదాయ దుస్తుల్లో ఉన్న ఏ మనిషి ఫోటో వేసినా అతని పేరు, ఊరు, వృత్తి, ఏ సందర్భమో, ఏ సంవత్సరమో ఫోటో కింద వేయండి. ఆ వివరాలు తెలియకపోతే ఆ ఫోటో వేయకండి. ఇతర పత్రికలకు ఫోటో అమ్మేటప్పుడు ఈ వివరాలతో సహా అచ్చువేయాలన్న షరతు పెట్టండి. నేను అన్నిటికన్నా గట్టిగా అడుగుతున్నది ఇదే. పేరు చేరగానే ఆ మనిషికి జీతం, పిల్లలు, అభిప్రాయం కూడా వచ్చి చేరతాయి.

3. జూన్, డిసెంబరు దీక్షాకాలాలకు కనీసం నెల ముందు, నమోదైన శిబిరాలను గుర్తించే విధానం, ప్రమాద లక్షణాలు, వెంటనే ఎక్కడికి వెళ్లాలో తెలిపే పేజీని ఖోసా, సోతో, జులూ భాషల్లో ప్రచురించండి.

4. వచ్చే వారసత్వ దినం సంచికలో బస్సు డ్రైవరు, నర్సుగా పనిచేసే మగవాడు, గనిలో ఊపిరి పోగొట్టుకున్న తాత, మనవడిని పెంచుతున్న మేనమామ, వీరు తమ ఆచారాల గురించి తమ మాటల్లో చెప్పుకునే చోటు ఇవ్వండి.

5. పాఠకుల ఫిర్యాదులకు ఎన్ని రోజుల్లో జవాబిస్తారో ప్రతి సంచికలో అచ్చువేయండి. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఎలా వెళ్లాలో దాని కిందనే చెప్పండి.

తెలుగు సంపాదకులను కోరుతున్నవి:

6. ఆఫ్రికాకు సంబంధించిన ఏ ఫోటో కథనమైనా వింత ఆచారాల శీర్షిక కింద వేయడం మానండి. యాభైకి పైగా దేశాలున్న ఖండంలో అది ఏ దేశమో, ఏ భాషవారో చెప్పకుండా ఏదీ వేయకండి. వేసే ముందు మీ నగరంలోనే చదువుకుంటున్న ఆ దేశపు విద్యార్థితో ఒకసారి మాట్లాడండి.

7. నేరవార్తకు అవసరం లేనప్పుడు నిందితుడి జాతిని శీర్షికలోకి ఎక్కించకండి. కేసు వీగిపోయినప్పుడు ఆ వార్తను కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

8. చర్మాన్ని తెల్లబరుస్తామనే ప్రకటనలను తిరస్కరించండి.

ఈ లేఖకు మీరు ఇచ్చే జవాబు, ఒప్పుకోలైనా ఖండనైనా, నాకు వ్యక్తిగతంగా పంపనవసరం లేదు. మీ పాఠకుల లేఖల పేజీలో అచ్చువేయండి. నేను చెప్పిన వాటిలో ఏ వాస్తవమైనా తప్పని చూపితే బహిరంగంగానే దిద్దుకుంటాను. డిసెంబరు దీక్షాకాలం మొదలయ్యేలోగా మూడో కోరిక విషయంలోనైనా నిర్ణయం తెలియజేయండి. ఈ ఏడాది సెలవుల్లో తూర్పు కేప్‌లోని తమ ఊళ్లకు, దీక్షకు వెళ్లబోతున్న కుర్రవాళ్లు మా పన్నెండో తరగతిలో ఉన్నారు. ఏ శిబిరం నమోదైనదో ఎలా తెలుసుకోవాలని వారి తల్లులు మమ్మల్ని అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
క్వాజులు-నటాల్, దక్షిణాఫ్రికా